రెండో పూత

షార్జాల సజ్జా క్యాంపు నుంచి పొద్దుగాల నాలుగింటికి బస్సు.
ఎండ ముదరకముందే రంగు ఆరాలె.
మాల్ ముంగట పార్కింగుల పన్నెండు డబ్బాలు,
నీలిరంగు నేల, తెల్లరంగు చక్రాల కుర్చీ,
దాని కింద అరబీల ఒక మాట.
గా మాట తీసెయ్యాలె అన్నడు ఫోర్మెన్,
పాతదైపోయిందట.

మాట గూడ పాతదైతదా?
గోడ సున్నం లెక్క పెచ్చులు లేస్తదా?
నాకు అరబీ రాదు.
స్టెన్సిల్ కుడి దిక్కుకెల్లి పెట్టాలె, గదొక్కటే తెలుసు.
సిల్హెట్ పిలగాడు రుకనుద్దీన్, మదర్సాల సదివినోడు,
రోలరు పక్కకు పెట్టి చెప్పిండు:
ఇగో, ఇది ముఆక్. అడ్డం వడ్డోడు, ఆగిపోయినోడు అని.
కొత్తది హిమమ్.
మీ దిక్కు హిమ్మత్ అంటరు గద, గదే.
హిమ్మతున్నోళ్లు.

హిమ్మత్ మాకెందుకు తెల్వది!
కల్లు దుకాణం కాడ కొట్లాటల
అంగీ చేతులు మలుసుకుంట అడిగే మాట.
దాన్ని ఎవలో ఇంత దూరం మోసుకొచ్చి
కుర్చీ బొమ్మ కింద పండవెట్టిన్రు.

మా మేనత్త యాదికొచ్చింది. కుంటి రాజవ్వ.
ఊర్ల ముగ్గురు రాజవ్వలుండె,
ఒకామె పొడుగు రాజవ్వ, ఒకామె బీడీల రాజవ్వ,
ఈమె కుంటి.
తిట్టు గాదు, ఇంటిపేరు లెక్క. తిట్టు గాదనే అనుకునెటోళ్లం.
ఆమెను ఎవ్వలు అడిగిన్రు?
తర్వాత ఆఫీసోళ్లు వికలాంగురాలన్నరు,
నోరు తిరగక ‘ఇకలాంగ’ అనేది.
సదరం క్యాంపుల డాక్టరు కాలు గుంజి సూసి
డెబ్బై శాతం అని రాసిండు.
మిగిలిన ముప్పై యాడున్నది సారూ అని అడిగిందట.
మొన్న ఫోన్ల చెప్పింది: ఇప్పుడు దివ్యాంగురాలినట బిడ్డా,
పటం కట్టి దండెయ్యాలె నాకు.
పేరు మీ ఇష్టమున్నది వెట్టుకోర్రి,
బ్యాంకు కాడ గా ఐదు మెట్లు తీయించుర్రి అన్న.

మొదటి పూత ఆరింది.
ముఆక్ చివరి అక్షరం తోక
నీలిరంగు కింద ఉబ్బెత్తుగ, నరం లెక్క.
రెండో పూత వెయ్యుర్రి అన్నడు ఫోర్మెన్.

మా రూముల ఆశన్న ఉంటడు.
నాలుగో అంతస్తు పరంజా మీదికెల్లి పడి ఏడు నెలలు.
తుంటిల రాడ్డు.
ఇల్లు తుడిచే మాపు కట్టె కోసి చేతికర్ర చేసుకున్నడు.
కంపెనీ కాయితంల ఆయనకు ఒకటే మాట, అన్‌ఫిట్.
మెస్సుల లంగ్డా.
కేసు తేలేదాక జీతం లేదు, టికెట్టు లేదు.
గా రెండు మాటల మీద పూత వెయ్యమని
నాకు ఎవ్వలు చెప్పలె.

శుక్రారం నాడు తీసుకపోయిన, నేను చేసిన పని సూడు అని.
వేలు కుడికెల్లి ఎడమకు జరుపుకుంట
నిజంగ సదువొచ్చినోని లెక్క సదివి చెప్పిన:
హిమ్మతున్నోళ్లు.
ఆశన్న జరసేపు సప్పుడు చెయ్యలె.
చెప్పులు విడిచి డబ్బా నడుమ నిలవడ్డడు,
కాలు సుర్రుమంటే మళ్ల తొడుక్కున్నడు.
ఫోటో తియ్యి, ఇంటికి పంపుదం అన్నడు.
కట్టె మాత్రం పడనియ్యకు.

సెక్యూరిటీ నేపాలీ పిలగాడు ఉరికొచ్చిండు.
ఇక్కడ నిలవడొద్దు. బండేది?
ఆశన్న కట్టె ఎత్తి చూపెట్టిండు.
నవ్వాల్నో వద్దో తెల్వక
గా పిలగాడు అటు మర్రి నిలవడ్డడు,
మేం ఫోటో తీసుకునేదాక.

ఫోటోల ఆశన్న నడుముదాకనే ఉన్నడు.
వెనుక మాల్ అద్దాలు, మెరుపు.
కట్టె పడలె.
కాళ్ల కాడి మాట గూడ పడలె.